సిగ్నల్ కుర్చీకి, జబ్బు మంచానికి

మన పెద్దాసుపత్రులకు వైఫై యోగం పట్టింది. ఆనందించండి. గేటు దగ్గర ‘ఈ ప్రాంగణం పూర్తి వైఫై సౌకర్యం కలది’ అని ఫ్లెక్సీ కట్టేశారు. దాని మీద ముఖ్యమంత్రిగారు ఒక పక్క, ఆరోగ్యమంత్రిగారు ఇంకో పక్క, కింద వరసలో ఎమ్మెల్యే, చైర్మన్, అభివృద్ధి కమిటీ సభ్యులు చిరునవ్వులు చిందిస్తుంటారు. ఇంతమంది మధ్య రౌటర్ బొమ్మ వెయ్యడానికి చోటు మిగల్లేదు. లోపల కూడా అదే పరిస్థితి.

ప్రారంభోత్సవాలు ఎలా జరుగుతాయో మీకు తెలియనిది కాదు. రిబ్బను కత్తిరించిన చేత్తోనే మంత్రిగారు ట్యాబ్ మీద వేలు పెడతారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాంట్రాక్టరు చెవి దగ్గరికి వంగి ‘కొంచెం నెట్ స్లో సార్’ అంటాడు. సూపరింటెండెంటుగారు చాటుగా తన సొంత ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తారు. చక్రం ఆగుతుంది, చప్పట్లు మోగుతాయి. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ‘డిజిటల్ వైద్యానికి శ్రీకారం’ అని నాలుగు కాలాల వార్త వస్తుంది. ఆ శ్రీకారం ఎవరి డేటా ప్యాక్ మీద జరిగిందో మాత్రం ఏ పత్రికా రాయదు.

వైర్‌లెస్ మీద ఎవరికీ పగ లేదు. రోగి మెడలో వేలాడే చిన్న యంత్రం గుండె లయ తప్పగానే నర్సుల బల్ల దాకా కబురు పంపడం, రక్తం సంచీ మీది ట్యాగు ‘ఇది ఈ మనిషికి ఎక్కించాల్సింది కాదు’ అని ఆపెయ్యడం, కొండ మీది రోగిని కింద పట్నంలో ఉన్న డాక్టరు చూడగలగడం నిజంగా ప్రాణాలు నిలబెట్టే పనులే. పేచీ అంతా సిగ్నల్ ఎటు పోతోందన్న దగ్గరే. మన ఆసుపత్రుల్లో అది మంచం దగ్గర బయల్దేరి నేరుగా కుర్చీకి పోతుంది. కుర్చీ నుంచి మంచానికి తిరుగు సిగ్నల్ ఉండదు. పై అధికారి చూడాలనుకున్నది తెర మీద కనిపిస్తుంది. కింద రోగికి కావాల్సింది మాత్రం ఎప్పుడూ ‘లోడ్ అవుతోంది’.

ముందు ఓపీ కౌంటరు దగ్గరికి రండి. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. మనిషికి ‘ఆభా’ అని 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తున్నారు. 2022 అక్టోబరులో ‘స్కాన్ అండ్ షేర్’ వచ్చింది. గోడ మీది క్యూఆర్ కోడ్‌కు ఫోన్ చూపిస్తే పేరు, వయసు, ఊరు వాటంతటవే ఆసుపత్రి కంప్యూటర్లోకి వెళ్లి టోకెన్ వచ్చేస్తుంది. చీటీ కోసం గంటల తరబడి నిలబడే బాధ తప్పుతుంది. ఆలోచన భేషైనదే. చదువుకున్నవాడు, చేతిలో మంచి ఫోన్ ఉన్నవాడు, ఆధార్‌కు ఇప్పటి నంబరే కలిపి ఉన్నవాడు, డేటా బ్యాలెన్సు ఉన్నవాడు, వీలైతే ఏ జబ్బూ లేనివాడు అయితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

మిగతావాళ్ల సంగతి తెలియాలంటే రాయలసీమలో ఏ జిల్లా ఆసుపత్రి కౌంటరు పక్కనైనా కాసేపు చెవి ఒగ్గండి.

‘‘అవ్వా, ఫోన్ తెచ్చినావా?’’

‘‘తెచ్చినా నాయనా.’’ రొండిన దోపిన గుడ్డసంచీలోంచి బటన్ల ఫోన్ బయటికి వస్తుంది.

‘‘ఇది కాదవ్వా, టచ్ ఫోను.’’

‘‘అది మా మనవడి కాడ ఉంది. వాడు బెంగుళూర్లో ఉండాడు.’’

‘‘నీ ఆధార్‌కు వాని నంబరే ఇచ్చినారు. ఓటీపీ వానికే పోయింటాది. ఫోన్ చేసి అడుగు.’’

అవ్వ ఫోన్ చేసి, ‘‘ఒరే, నీకేదో నంబరు వచ్చిందంట, చెప్పురా’’ అంటుంది. మనవడు తెలివైనవాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు, సినిమా హీరోలు వాడికి చెవినిల్లు కట్టుకుని పోరారు. ‘‘అవ్వా, నీ పక్కన ఎవుడో దొంగ ఉండాడు, పెట్టెయ్ ఫోన్’’ అని కట్ చేస్తాడు. మోకాళ్ల నొప్పులని వచ్చిన అవ్వ సైబర్ నేరానికి సాక్షిగా మిగిలి, పాత వరుసలోనే నిలబడి, కాగితం చీటీతోనే డాక్టర్ని చూస్తుంది. వరుస తగ్గలేదు, ఉన్న వరుసకు ముందు ఇంకో వరుస చేరింది.

ఇక వార్డు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ఏనాడో లెక్క చెప్పింది. రాత్రి పదింటికి మీ ఊరి పెద్దాసుపత్రి మగవాళ్ల వార్డులోకి వెళ్లండి. మంచాలు లెక్కపెట్టండి. మంచాల మధ్య నేల మీద పడుకున్నవాళ్లనూ లెక్కపెట్టండి. తర్వాత నర్సుల్ని లెక్కపెట్టండి. ఒక చేతి వేళ్లు చాలు, అందులోనూ కొన్ని మిగులుతాయి. సిబ్బంది కావాలని ఆ సిస్టర్ ఏళ్ల తరబడి అడుగుతుంటే మనం విన్నాం, స్పందించాం, ఆమె చేతికి ట్యాబ్ ఇచ్చాం.

ఆ ట్యాబ్ ఎక్కడుంటుందంటారా? బీరువాలో. పోతే జీతంలో కోసుకుంటామన్నారు కాబట్టి హెడ్ సిస్టర్ దాన్ని మత్తు ఇంజెక్షన్ల పక్కన పెట్టి తాళం వేస్తుంది. బీపీ, నాడి, జ్వరం కేస్ షీట్‌లో రాస్తారు. ఆడిట్‌కు కాగితమే కావాలి కనక అవే మళ్లీ పెద్ద రిజిస్టర్‌లో రాస్తారు. డ్యూటీ దిగే ముందు బీరువా తీసి, ఆ అంతస్తులో సిగ్నల్ దొరికే ఏకైక చోటు, అంటే మెట్ల మలుపు దగ్గర నిలబడి, మొత్తం ఒక్కసారే ఎక్కించేస్తారు. రాత్రి రెండింటికి పడిపోయిన బీపీ మర్నాడు మధ్యాహ్నానికి ‘రియల్ టైమ్’లో అమరావతికో హైదరాబాదుకో చేరుతుంది. అక్కడ డ్యాష్‌బోర్డు మీద ఎర్ర చుక్క వెలుగుతుంది. ఈలోగా రోగి కోలుకుని ఉంటాడు, లేదా పోయి ఉంటాడు. చుక్కకు మాత్రం ఏ లోటూ జరగలేదు.

పల్లెల్లో ఏఎన్ఎం అక్కల భాగ్యం ఇంకా గొప్పది. ‘అన్మోల్’ అనే ట్యాబ్ పద్ధతి 2016లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. బండెడు రిజిస్టర్లు మోసే బాధ తప్పిస్తామన్నది దాని వాగ్దానం. రిజిస్టర్లు పోలేదు, ట్యాబ్ వచ్చింది. ఆ తర్వాత గర్భిణులకో యాప్, టీకాలకో యాప్, క్షయకో పోర్టల్, బీపీ షుగర్లకో యాప్, జ్వరాలకో పోర్టల్. ఇవన్నీ చేశామని ఫొటోలు పెట్టడానికో వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పకుండా ‘ఎందుకు లేటు?’ అని అడిగే అధికారి. బాలింత నాడి చూడ్డానికి ఒక నిమిషం, చూసినట్టు నిరూపించుకోవడానికి అరగంట. పనిమంతురాలికి పనే సాక్ష్యం అనే రోజులు పోయి, పని మానుకుని అయినా సాక్ష్యం సంపాదించుకోవాల్సిన రోజులు వచ్చాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఫొటో పేపర్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. 2019 నవంబరు నుంచి ‘ఈ-సంజీవని’ ఉంది. ఆరోగ్య కేంద్రంలో కూర్చుంటే దూరాన ఉన్న డాక్టరు తెర మీదికి వస్తారు. వస్తారు, చూస్తారు, ‘వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అంటారు. ఆ మాట కోసం సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కాలి, ఆ మాట విన్నాక వాగు దాటాలి. సలహా గాలిలో వస్తుంది. మనిషి మాత్రం నలుగురి భుజాల మీదే పోవాలి. రోడ్డును డౌన్‌లోడ్ చేసుకునే పరిజ్ఞానం ఇంకా రాలేదు. వచ్చిందంటే దానికీ మనవాళ్లు ముందు టెండరే పిలుస్తారు.

మొత్తం ఆసుపత్రిలో ఒకే ఒక్క వైర్‌లెస్ ఏర్పాటు మీద పైవాళ్ల దృష్టి ఎన్నడూ సడలదు. అది హాజరు. వైద్య కళాశాలల అధ్యాపకులు ముఖం చూపించి ఆధార్‌తో సరిపోల్చుకునే హాజరు, అదీ జీపీఎస్‌తో కలిపి, 2025 మే 1 నుంచి వెయ్యాలని జాతీయ వైద్య కమిషన్ ఆదేశించింది. ముఖం కళాశాల ఆవరణలో ఉందా, రోడ్డు అవతల సొంత నర్సింగ్ హోమ్‌లో ఉందా అని ఉపగ్రహం కనిపెడుతుంది. మంచిదే, డుమ్మా డాక్టర్ల మీద జాలి పడాల్సిన పని లేదు. కాని డాక్టరు ఎక్కడున్నాడో మీటర్లతో సహా చెప్పగలిగిన ఆ ఆసుపత్రే, నిండు ఆక్సిజన్ సిలిండరు ఏ వార్డులో ఉందో చెప్పలేదు. స్ట్రెచర్ ఎక్కడుందో చెప్పలేదు. వార్డ్‌బాయ్‌ని అడిగితే ‘చూస్తా’ అంటాడు. చేతిలో నోటు పెడితే నిమిషంలో స్ట్రెచర్ దొరుకుతుంది. దశాబ్దాలుగా ఒక్కసారి కూడా సర్వర్ డౌన్ కాని వ్యవస్థ అదొక్కటే.

2018 జులైలో హైదరాబాదు కోఠీ ప్రసూతి ఆసుపత్రి నుంచి ఒకావిడ పసిపాపను ఎత్తుకుపోతే, పోలీసులు సీసీ కెమెరాలు వెతుక్కుంటూ బీదర్ దాకా వెళ్లి తీసుకొచ్చారు. పుట్టిన బిడ్డ కాలికి రేడియో ట్యాగు కట్టడం, గేటు దాటబోతే గంట మోగడం కొత్త సంగతేమీ కాదు, ప్రపంచంలో చాలా ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మన దగ్గర ప్రొఫెసరు ముఖానికి ఉన్న కాపలా పసిగుడ్డు కాలికి లేదు. ప్రొఫెసరు పోతే హాజరు లెక్క తప్పుతుంది. బిడ్డ పోతే తల్లికే కదా.

ఇప్పుడు కాంట్రాక్టరుగారి పనితనం చూద్దాం. ఆసుపత్రి అంటే అపార్ట్‌మెంటు కాదు. ఎక్స్‌రే గదుల గోడల్లో సీసపు రేకులుంటాయి. లిఫ్టు గుంతలు, ఉక్కు తలుపులు, పాత కట్టడాల్లో మూరెడు మందం గోడలు ఉంటాయి. రేడియో అలలకు ఇవంటే పడదు. అందుకే పెట్టె తగిలించే ముందు మంచం మంచం దగ్గరా సిగ్నల్ కొలవాలి. మనవాళ్లు కొలిచేది బిల్లుకు ఎన్ని పెట్టెలు ఎక్కాయన్నదే. మొదటిది సూపరింటెండెంటు గదిలో, రెండోది ఆర్ఎంఓ గదిలో, మూడోది మీటింగ్ హాల్లో, నాలుగోది వీఐపీలు వస్తే కూర్చోబెట్టే గదిలో. వార్డు వంతు వచ్చేసరికి ‘అది సెకండ్ ఫేజ్‌లో ఉందండీ’. సెకండ్ ఫేజ్ నాటికి ప్రభుత్వం మారుతుంది, ఫ్లెక్సీ మారుతుంది, పాత పెట్టెలు నాసిరకమని తేలుతుంది, మళ్లీ సూపరింటెండెంటు గది నుంచి మొదలు.

ఆ తగిలించిన పెట్టెలైనా గాలి పీల్చి బతకవు. ప్రతి పెట్టె వెనకా కేబుల్ ఉంటుంది, కేబుల్ చివర స్విచ్ ఉంటుంది, స్విచ్‌కు కరెంటు కావాలి, కరెంటు పోతే యూపీఎస్ కావాలి, యూపీఎస్‌కు మూడు నాలుగేళ్లకోసారి కొత్త బ్యాటరీలు కావాలి, వీటన్నిటికీ ఏఎంసీ, అంటే ఏటేటా నిర్వహణ ఒప్పందం, కట్టే నాథుడు కావాలి. ఆపరేషన్ థియేటర్‌ను జనరేటర్‌కు కలిపినవాళ్లు రౌటర్ గదిని మర్చిపోతారు. పైగా చవకరకం వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లోనే ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేకుండా అందరికీ వదిలేసింది. క్యాంటీన్ మైక్రోవేవ్ అక్కడే, బ్లూటూత్ అక్కడే, రోగుల బంధువుల హాట్‌స్పాట్లు అక్కడే. అందులోంచి ఐసీయూ సమాచారం పంపడమంటే సంతరోజు సందులోంచి 108 బండి తోలడమే.

ఈ ప్రమాదం ఊహ కాదు. మనవాళ్లు ఏటేటా బతుకమ్మలు ఆడే అమెరికా డాలస్‌లోనే జరిగింది. 1998 ఫిబ్రవరిలో అక్కడి టీవీ కేంద్రం ఒకటి కొత్త డిజిటల్ ప్రసారాన్ని పరీక్షించింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆ చానలు ఫ్రీక్వెన్సీనే ఊళ్లోని బేలర్ ఆసుపత్రి గుండె మానిటర్లు వాడుకుంటున్నాయి. ప్రసారం మొదలవగానే మానిటర్లు మూగబోయాయి. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. టీవీ వాళ్లు ప్రసారం ఆపారు. 2000లో అక్కడి ప్రభుత్వం ఆసుపత్రుల టెలిమెట్రీకి, అంటే ఇలాంటి వైర్‌లెస్ మానిటర్లకు, విడిగా ఫ్రీక్వెన్సీలు కేటాయించింది. అదే మన దగ్గర జరిగి ఉంటే? త్రిసభ్య కమిటీ వేసేవాళ్లు. కమిటీకి గడువు పొడిగించేవాళ్లు. చివరికి ఆ రోజు డ్యూటీలో ఉన్న ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌ని తీసేసేవాళ్లు.

ఆసుపత్రుల్లో వైర్‌లెస్ విషయంలో తెల్లవాళ్లు మనకంటే తెలివైనవాళ్లని కూడా అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్ ఆరోగ్యమంత్రి మ్యాట్ హాన్‌కాక్ 2019లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ను పేజర్లు వదిలెయ్యమని ఆదేశించాడు. అప్పటికి వాళ్ల ఆసుపత్రుల్లో దాదాపు లక్షా 30 వేల పేజర్లు బీప్ బీప్‌మంటున్నాయి. లోకం నవ్వింది. కాని ఆ పాత పేజర్లను డాక్టర్లు అంత కాలం పట్టుకు వేలాడటానికి కారణం ఉంది. నేలమాళిగలో ఉన్నా, దళసరి గోడల వెనక ఉన్నా కబురు అందుతుంది, బ్యాటరీ వారాల తరబడి వస్తుంది. వాడేవాడికి పనికొచ్చిన వస్తువు అంత తేలిగ్గా చావదు. మంత్రికి పనికొచ్చిన వస్తువైతే మరుసటి ఎన్నికల దాకే.

నిజం చెప్పుకోవాలంటే మన ఆసుపత్రుల్ని ఇవాళ నడిపిస్తున్న వైర్‌లెస్ వ్యవస్థకు టెండరూ లేదు, శిలాఫలకమూ లేదు. దాని పేరు వాట్సాప్. అర్ధరాత్రి క్యాజువాలిటీలో పీజీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటాడు, ఇంటర్నీ ఫొటో తీస్తాడు, ఇంట్లో ఉన్న ప్రొఫెసరుకు పంపుతాడు. అటునుంచి ‘షిఫ్ట్ టు ఓటీ’ అని జవాబొస్తుంది. కాలో చెయ్యో నిలబడుతుంది. డేటా ప్యాక్ పీజీది, ఫోన్ ఇంటర్నీది, ట్యూబ్‌లైటు ఒక్కటే ప్రభుత్వానిది. ఫిల్ము మూల రోగి పేరు, వయసు, నంబరు స్పష్టంగా ఉంటాయి. ఆ ఫొటో తర్వాత ఎన్ని గ్రూపుల్లోకి పోతుందో ఆ భగవంతుడికీ ఆ కంపెనీకీ తెలియాలి. మంచం దగ్గర పనికొచ్చే సురక్షితమైన పద్ధతి ఆసుపత్రి ఇవ్వకపోతే, పనిచేసేవాడు పనికొచ్చేదే వాడతాడు. అతన్ని తిట్టి లాభం లేదు.

భద్రత మాటెత్తితే ఇంకా కడుపు నిండుతుంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు ఎవరో బయటినుంచే తాళం వేశారు. దేశానికే పెద్ద ఆసుపత్రి సుమారు రెండు వారాల పాటు చేతిరాత చీటీలతో నడిచింది. అప్పుడు కాపాడింది కాగితం, కలం, వాటితో పని చెయ్యడం ఇంకా మర్చిపోని పాత గుమాస్తాలు. 2017 మే 12న వచ్చిన ‘వాన్నాక్రై’ వైరస్ ఇంగ్లండ్‌లో దాదాపు మూడో వంతు ఆసుపత్రి ట్రస్టుల్ని కుదిపి, అదే ఊపులో మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలోనూ దూరింది. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి గదుల్లోని కెమెరా దృశ్యాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆడవాళ్లను పరీక్షించే గది దృశ్యాలవి. ఆ కెమెరాలకున్న పాస్‌వర్డు ‘అడ్మిన్123’ అని తర్వాత బయటపడింది. దొంగ తాళం పగలగొట్టలేదు, గొళ్లెం తీసి వచ్చాడు.

అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ గుండెలో అమర్చిన యంత్రానికి వైర్‌లెస్ సౌకర్యం ఉంటే, ఎవరైనా దూరంనుంచి దాన్ని చెడగొట్టవచ్చని 2007లో ఆయన డాక్టరు ఆ సౌకర్యాన్నే తీయించేశాడు. ఒక గుండెకు అంత ఆలోచన. మన ఆసుపత్రిలో వైఫై పాస్‌వర్డు ఏమిటంటే టీ కొట్టు కుర్రాడు చెప్తాడు. బిల్లింగు, ల్యాబ్ రిపోర్టులు, ఐసీయూ మానిటర్లు, అటెండర్ల సినిమాలు అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద సుఖంగా కాపురం చేస్తుంటాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చట. బాగుంది. రౌటర్ పాస్‌వర్డు మార్చడానికి అయ్యే ఖర్చు సున్నా. అయినా మారలేదు. టెండరు పిలవడానికి వీల్లేని పని కదా మరి.

కార్పొరేట్ ఆసుపత్రుల్ని వదిలేశానని బాధపడకండి. అక్కడ లాంజ్‌లో వైఫై ఎంత వేగమంటే, అద్దాల అవతల నాన్నకు ఎలా ఉందో తెలియకపోయినా ఇవతల కొడుకు వెబ్ సిరీస్ పూర్తి చెయ్యొచ్చు. డాక్టరుగారి కబురు రోజుకోసారి, అదీ ఆయన తీరికను బట్టి. ‘ఇంకో లక్ష కట్టండి’ అనే మెసేజ్ మాత్రం లిఫ్టులో ఉన్నా, సెల్లార్‌లో ఉన్నా, శ్మశానం దారిలో ఉన్నా టంచనుగా అందుతుంది. సీసపు గోడలు ఆపలేని సిగ్నల్ ఈ భూమ్మీద అదొక్కటే.

ఇంతలో ఎలుకలు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పది రోజుల పసికందు ఎలుకలు కొరికి చనిపోయాడు. 2022లో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో కదల్లేని రోగిని ఎలుకలు కొరికాయి. హైదరాబాదు నిమ్స్‌కు తరలించాక ఆయన కన్నుమూశాడు. ఇక్కడ నవ్వడానికేమీ లేదు. ఐసీయూ అంటే ఆసుపత్రిలో అన్నిటికంటే ఎక్కువ యంత్రాలు, ఎక్కువ అలారాలు, ఎక్కువ తెరలు ఉండే గది. ఆ తెరలన్నిటి మధ్యలోంచి ఎలుక నడిచి వచ్చింది. దానికి ఓటీపీ అక్కర్లేకపోయింది. ఏ అలారమూ మోగలేదు, ఎందుకంటే కన్నం పూడ్చే మేస్త్రీకీ, రాత్రి మంచం పక్కన నిలబడే మనిషికీ ఏ యాప్‌లోనూ గడి లేదు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్న సామెతను మన పెద్దలు మన కోసమే దాచిపెట్టి పోయారు.

మనకు చేతకాదని కాదు. చేసి చూపించిన సందర్భం ఒకటి మన కళ్ల ముందే ఉంది. ‘ఈ-విన్’ అనే వ్యవస్థ 2015 నుంచి దశలవారీగా దేశంలో టీకాల కేంద్రాలకు వచ్చింది. టీకాలుండే ఫ్రిజ్‌లో చిన్న పరికరం ఉంటుంది. ఉష్ణోగ్రత హద్దు దాటితే అది మొబైల్ నెట్‌వర్క్ మీద ఆ కేంద్రంలో టీకాలు చూసుకునే మనిషికి ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఆ మనిషి వెళ్లి ఫ్రిజ్ సంగతి చూస్తాడు. అంతే. దాని ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా రాలేదు. అది ఎందుకు నిలబడిందంటే కొలవాల్సింది ఒక్కటి, కబురు వెళ్లేది దాన్ని సరిచెయ్యగలిగిన మనిషికి, ఆ మనిషి అక్కడే ఉన్నాడు. టీకా సీసా మీద మనకున్న ఈ శ్రద్ధలో సగం మంచం మీది మనిషి మీద ఉంటే చాలు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. మీ ఊరి ఆసుపత్రిలో డిజిటల్ ప్రారంభోత్సవం అనగానే చప్పట్లు కొట్టడానికి తొందరపడకండి. అభివృద్ధి కమిటీలో మీకు తెలిసినవాళ్లుంటారు, ఎమ్మెల్యే మీ ఓటు అడిగినవాడే, విలేకరి మీ వీధివాడే. వాళ్లచేత నాలుగు ప్రశ్నలు అడిగించండి. సిగ్నల్ కొలిచింది మంచం దగ్గరా, మీటింగ్ హాల్లోనా? ఈ యాప్ వచ్చాక నర్సు చేతిలోంచి తీసేసిన రిజిస్టర్ ఏది? కరెంటు పోయిన రాత్రి, సర్వర్ పడిపోయిన రాత్రి కాగితం మీద ఆసుపత్రి ఎలా నడుస్తుందో ఒక్కసారైనా నడిపి చూశారా? ఐసీయూ యంత్రాలకు విడి నెట్‌వర్క్ ఉందా, దాని పాస్‌వర్డు టీ కొట్టు దాకా పోకుండా ఎవరు చూస్తున్నారు?

ఈ నాలుగింటికీ జవాబు రాకపోతే ఐదోది అడగండి. రాత్రి రెండింటికి మంచం దగ్గర అలారం మోగితే లేచి వచ్చేది ఎవరు, ఆ డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పమనండి. పేర్లు చెప్పలేని ఆసుపత్రికి ముందు కావాల్సింది వైఫై కాదు, నర్సులు.